రెండవ కుర్చీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెండవ ప్లాస్టిక్ కుర్చీ గారికి,

బరంపురం నుండి, మొన్న మాఘమాసంలో మీ పక్క కుర్చీలో మూడు పగళ్లు కూర్చున్న అతిథి నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ చిలికా సరస్సు గట్టున, రంభ ఊరికి కొద్ది దూరంలో, ఆ బస వసారాలో మీరు కూడా నాలుగు కాళ్ల మీదా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ కుడి చేతి పగులుకు రాగి తీగతో వేసిన ఏడు కుట్లూ ఊడకుండా ఉన్నాయని, వాటిలో పైనుంచి మూడవది కూర్చున్నవారి మోచేతిని ఇంకా గీకుతూనే ఉన్నదని నమ్ముతాను.

ఈ లేఖకు కారణం మీ మీద నాకున్న ఫిర్యాదు. నేను అక్కడికి వచ్చింది ఒంటరిగా ఉండడానికి. ఉండలేకపోయాను. ఇంటికి వచ్చి తీరిగ్గా ఆలోచించిన కొద్దీ ఆ తప్పు వచ్చిన మనుషులది కాదని, సరస్సుది అసలే కాదని, రెండు చేతులూ చాచి దారిన పోయేవారందరినీ దయచేయమంటూ నా పక్కనే కొలువుదీరిన మీదేనని తేలింది.

ముందుగా నా గోడు వినండి. బరంపురంలో మాది ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు. దినపత్రిక వస్తే మొదటి పేజీ మా అన్నయ్యకు, ఆటల పేజీ మేనల్లుడికి పోగా నాకు మిగిలేది వర్గీకృత ప్రకటనలు. పాతికేళ్లుగా నేను చదువుతున్నది అమ్మకానికి ఉన్న స్థలాల గురించే. పైగా ఈ మాఘంలో మా ఇంటికి పదకొండు శుభలేఖలు వచ్చాయి. వాటిలో ఏడింటికి వెళ్లి అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చుని, 'మీరేం లావయ్యారు, మీరేం చిక్కారు' అన్న మాటలు ఏడుసార్లు విన్న తరువాత, నాలుగు పెళ్లిళ్లకు చదివింపులు తమ్ముడి చేత పంపి, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఏదో ఒక నీటి ఒడ్డున కూర్చోవాలని నిశ్చయించుకున్నాను. గంటన్నర ప్రయాణంలో చిలికా ఉండగా వేరే చోటు వెతకడమెందుకు? ఆదివారాల్లో వనభోజనాలవాళ్లు మైకులు పెడతారు కాబట్టి మంగళవారం నుంచి గురువారం వరకు అని లెక్క కూడా చూసుకున్నాను.

'మూడు రోజులు రంభలో ఉండి వస్తాను, నేనొక్కడినే' అని మా ఆవిడతో అన్నప్పుడు ఆ వాక్యంలో ఏ మాట మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించుకోలేదు. తెలుగు ఇంట్లో పుట్టిన మగవాడు ఆ ఊరి పేరు చెప్పగానే వెంటనే 'రైల్వే స్టేషను' అని చేర్చాలి. నేను చేర్చలేదు. ఆమె బియ్యం చెరుగుతున్న చేట దించకుండానే, 'ఊర్వశి స్టేషను ఏ లైనులో ఉందండీ?' అని అడిగింది. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానో మీకు కొంచెం తరువాత తెలుస్తుంది.

మీతో నా మొదటి పరిచయం మీకు గుర్తుండే ఉంటుంది. బస కాపలాదారు రిజిస్టరు తెరిచి, మనుషుల సంఖ్య అన్న గడి దగ్గర కలం ఆపి, నా వెనుక ఎవరైనా దిగుతున్నారేమోనని ఆటో వైపు చాలాసేపు చూశాడు. ఎవరూ దిగలేదు. 'ఏకుటియా, ఆజ్ఞా?' అని ఒడియాలో అడిగి, నా ఒడియా జవాబులోని యాసను బట్టి మనిషి తెలుగువాడని కనిపెట్టి, 'ఒక్కరేనా బాబూ?' అని అదే ప్రశ్నను తెలుగులో మళ్లీ అడిగాడు. రెండు భాషల్లో రెండుసార్లు అవునన్నాక ఆ గడిలో ఒకటి వేశాడు కానీ, వేసిన తీరు చూస్తే రేపు దిద్దడానికి పక్కన చోటు వదిలినట్టే ఉంది. గదికి రెండు గ్లాసులు, రెండు తలగడలు, రెండు కుర్చీలు వచ్చాయి. గ్లాసును, తలగడను అలమరలో దాచగలిగాను. మిమ్మల్ని మాత్రం లోపలికి తీసుకుపొమ్మంటే, గదికి రెండు కుర్చీలని సామాన్ల పుస్తకంలో ఉందని, ఒకటి తగ్గితే లెక్క తప్పుతుందని చెప్పి, మిమ్మల్ని నా కుర్చీ పక్కన, సరిగ్గా మనిషి మాట వినపడే దూరంలో, సరస్సుకు ఎదురుగా నిలబెట్టి వెళ్లాడు.

మరునాడు, మంగళవారం తెల్లవారుజామున నీటి మీద మంచు ఇంకా కదలలేదు. దూరంగా బాతుల గుంపు పలక మీద బలపంతో గీసి చేత్తో తుడిచేసిన గీతలా ఉంది. ఒడ్డు దగ్గర ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి, నేను మూడు రోజుల్లో సాధించదలచుకున్నదాన్ని శ్రమ లేకుండా సాధిస్తున్నది. (దానికి కుర్చీ లేదని గమనించగలరు.) అప్పుడే కాపలాదారు టీ తెచ్చి, గ్లాసు నా చేతికిచ్చి, మీలో కూర్చున్నాడు. అతనిని నేను కూర్చోమనలేదు. మీరే అన్నారు. చిన్న కూతురి చదువు, పెద్ద కూతురి అత్తవారు, 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చిన రాత్రి ఇంటి పైకప్పు ఏ వైపుకు ఎగిరిందీ చెప్పి, పదిన్నరకు లేచి వెళుతూ, మధ్యాహ్నానికి పీతలు తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. పురికొసతో డెక్కలు కట్టిన నాలుగు పీతలున్న బకెట్టును నాకు చూపించడానికి ఎక్కడ పెట్టాడో మీకు చెప్పనక్కరలేదు. ఆ మధ్యాహ్నం అరగంటసేపు నాలుగు పీతలూ నేనూ పక్కపక్కనే కూర్చుని సరస్సు చూశాం. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజుల్లో మీలో కూర్చున్నవారందరిలోనూ ఉత్తమమైన సహవాసం ఆ పీతలదే.

ఆ సాయంత్రం వచ్చినవారు ఇచ్ఛాపురం నుంచి కొడుకు ఇంటికి వచ్చిన రైల్వే పెద్దాయన. పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయినా, గట్టు వెనుక హౌరా–చెన్నై లైను మీద రైలు వెళితే తల తిప్పకుండా, చప్పుడును బట్టి అది ఏ రైలో, ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెప్పగలరు. మిమ్మల్ని భుజం మీది కండువాతో ఒకసారి దులిపి, కూర్చుని, 'ఏ ఊరు బాబూ మనది?' అన్నారు. బరంపురమన్నాను. 'ఏ వీధి?' చెప్పాను. 'ఇంటిపేరు?' అదీ చెప్పాను. మన పెద్దవాళ్లకు ఈ మూడు ప్రశ్నలు చాలు. ఆరు నిమిషాల్లో ఆయన మా మేనత్త తోడికోడలికి పినతండ్రి వరసయ్యారు. బరంపురంలో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారి ఇల్లు మా వీధికి ఎంత దూరమో అడిగి, నేను చెప్పిన దూరాన్ని ఆయనే సగానికి తగ్గించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యే వరకు గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి, ఆ లెక్కన మనమందరం ఒకే ఇంటివాళ్లమని తేల్చారు. ఒకే ఇంటివాళ్లను తప్పించుకోవడానికే ఇక్కడికి వచ్చానని ఎలా చెప్పను?

చిలికా గురించి ఆయనకు తెలిసినంత నాకు మా ఇంటి గురించి తెలియదు. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో 1981లో మన దేశం నుంచి మొదట చేరినవాటిలో ఇది ఒకటని, ఆ తరువాత నదులు తెచ్చిన ఒండ్రు వల్ల సముద్రంలోకి వెళ్లే దారి మేటవేసి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయి, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికకు ఎక్కిందని చెప్పారు. 2000 సెప్టెంబరులో ఇసుక తిన్నెను కోసి కొత్త ముఖద్వారం తెరిచాక మళ్లీ తేరుకుని, 2002లో ఆ పట్టిక నుంచి బయటపడిందట. 'సముద్రంతో రాకపోకలు మానేస్తే అంత పెద్ద చిలికాకే జబ్బు చేసింది బాబూ' అంటూ ఆయన నా వంక అంత గుచ్చిగుచ్చి ఎందుకు చూశారో నాకు తెలియదు. వర్షాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి, వేసవిలో కూడా 900 దగ్గర నిలిచే సరస్సు కదా ఇది. అంత గట్టున్నా మనుషులందరికీ నా ఎడమ మోచేతికి రెండడుగుల దూరంలో ఉన్న మీరే ఎందుకు కనిపించారన్నది నాకు అంతకంటే తెలియని విషయం.

మీ నుండి పారిపోదామని రెండవ రోజు పడవ ఎక్కాను. ఆ సంగతి మీరు చూడలేదు కాబట్టి చెబుతాను. రంభ దగ్గర నీటిలో ఒక చిన్న దీవి ఉంది. ఖల్లికోట రాజులు కట్టించిన బంగళా శిథిలాలు అక్కడ ఉన్నాయి; దాని పేరు బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్. ఉదయం ఫలహారం ప్రశాంతంగా చేయాలంటే ఒక దీవి, ఒక బంగళా కావాలని ఆ పేరు పెట్టినవారెవరో గ్రహించారు. వారి జ్ఞానానికి నేను పడవలోనే తల వంచాను. ఇంకొంచెం లోపలికి వెళితే బర్కుడా దీవి వస్తుంది. 1917లో అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త అక్కడి మట్టిలో దొరికిన ఒక జీవిని లోకానికి పరిచయం చేశాడు. అది నలికండ్లపాము జాతిది, కాళ్లు లేనిది, నేల లోపలే బతుకుతుంది, బయట కనిపించడం బహు అరుదు. దీవి పేరునే దానికి బర్కుడియా అని పెట్టారు. ఏకాంతం కోసం కాళ్లనే వదులుకున్న ఆ మహానుభావుడి నివాసానికి పర్యాటకుల కోసం పెట్టిన పేరు హనీమూన్ ఐలాండ్. అంటే అక్కడికి వచ్చేవారందరూ జంటలుగా వచ్చి, దాని నెత్తి మీద నడుస్తారన్నమాట. నాకు ఒక్క క్షణం కళ్లు చెమర్చాయి.

ఆ దుఃఖంలో నాకు తోడు పడవవాడు. డీజిలు మోటారు చప్పుడులో మాట వినబడదు కాబట్టి మౌనంగా ఉండవచ్చని ఎక్కాను. అతను నాతో మాట్లాడడానికి మోటారు ఆపేశాడు. కాళీజాయి అమ్మవారి కథ చెప్పాడు. పెళ్లయి తండ్రితో పడవలో అత్తవారింటికి బయలుదేరిన జాయి అనే పిల్ల గాలివానలో మునిగిపోయి, చిలికాకు దేవతై కూర్చుందట. అమ్మవారిదీ దీవే కదా, ప్రశాంతంగా ఉంటుందేమో అన్నాను. మకర సంక్రాంతికి వచ్చి చూడమని నవ్వాడు. తిరిగి వచ్చాక, డబ్బు తీసుకుని వెళ్లవలసినవాడు చిల్లర వెతికే నెపంతో వసారా ఎక్కాడు. మీరు చేతులు చాచారు. సాయంకాలమయింది.

ఇక అసలు నేరానికి వస్తాను. అదే సాయంత్రం, నీళ్ల మీద వెలుగు పసుపు కలిపిన బియ్యప్పిండి రంగులోకి మారుతున్నప్పుడు, ఇంట్లోవాళ్లకు చూపిద్దామని ఫోనులో ఒక ఫొటో తీసి మా ఆవిడకు పంపాను. సరస్సు, ఆకాశం, దూరంగా వలలు కట్టిన వెదురు బొంగులు, ముందు వైపు నా కుర్చీ, దాని పక్కన మీరు. మీ చేతి మీద పడవవాడు తాగి పెట్టిన టీ గ్లాసు. మా ఆవిడ ఆకాశం గురించి ఏమీ అనలేదు. సరస్సు గురించీ అనలేదు. ఫోను చేసి, చాలా నెమ్మదైన గొంతుతో, 'ఆ రెండో కుర్చీ ఎవరిదండీ?' అని అడిగింది. ఖాళీ కుర్చీ అన్నాను. 'ఖాళీ కుర్చీ టీ తాగుతుందా?' అంది. సామాన్ల పుస్తకం సంగతి మొదలుపెట్టాను. గదికి రెండు కుర్చీలన్న నియమం నా నోటి నుంచి వచ్చినప్పుడు నాకే అబద్ధంలా వినిపించింది. అప్పుడు ఊరి పేరు కూడా సహాయానికి రాలేదు.

గురువారం ఉదయం మొదటి బస్సులో మా బావమరిది దిగాడు. 'ఇటు పని ఉండి వచ్చాను బావా' అన్నాడు. అతనిది బడా బజారులో పట్టుచీరల దుకాణం. మంచి పెళ్లిళ్ల రోజుల్లో దుకాణం మూసి చిలికా గట్టున ఏం పని ఉంటుందో నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు. గదిలో అలమర తెరిచి, నేను దాచిన రెండవ తలగడను, రెండవ గ్లాసును చూసి, మళ్లీ మూశాడు. తరువాత వచ్చి మీలో కూర్చున్నాడు. మూడవ కుట్టు గీకిన చోట మోచేయి రుద్దుకుంటూ, అందరిలా లేచిపోకుండా, మధ్యాహ్నం పఖాల అనే ఒడియా చద్దన్నం, వేపుడు రొయ్యలు తిని, 'అక్కకు చెబుతాను, ఏమీ లేదని' అని అభయమిచ్చి, మూడు గంటలకు వెళ్లాడు.

ఆ తరువాత ఎవరూ రాలేదు. కాపలాదారు కూతురి ఊరికి వెళ్లాడు. పెద్దాయన రైలెక్కారు. రెండు గంటలసేపు నేను కోరుకున్నదంతా నా ముందు ఉంది. మీరు ఖాళీగా ఉన్నారు. కాళ్లు చాపుకుందామని మీ మీద పెట్టబోయి, ఎందుకో బాగుండదనిపించి తీసేశాను. ఒక రైలు వెళ్లింది. అది ఏ రైలో నాకు తెలియలేదు. గట్టు దగ్గరి కొంగ ఉన్నట్టుండి నీటిలోంచి తన ముక్కు కంటే పొడవైన చేపను పైకి తీసి, మింగలేక, వదలలేక, మెడను అటూ ఇటూ విసిరింది. 'చూశారా దాని అవస్థ!' అని నేను పైకే అన్నాను. మీ వైపు తిరిగే అన్నాను. ఈ విషయం మన ఇద్దరి మధ్యనే ఉండాలని నా ప్రార్థన.

మరొక చిన్న మనవి. బయలుదేరే తొందరలో నా తువ్వాలు, నీలం అంచుది, మీ వీపు మీద ఆరవేసి మరచిపోయాను. వచ్చే మంగళవారం మా బావమరిది అటు వస్తాడు. చిలికా బాగుందని, రెండు రోజులు ఒక్కడే ఉండి వస్తానని ఇంట్లో చెప్పాడట. తువ్వాలు అతని చేతికిచ్చి పంపించండి. అతను ఫొటోలు తీసేటప్పుడు మాత్రం దయచేసి కొంచెం పక్కకు జరగకండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
మొదటి కుర్చీలోని అతిథి