పోయిందా?

ఇది నిన్నటి సంగతి. చిత్తూరు పెదనాన్న ఇంకా నాతో మాట్లాడటం లేదు.

తిరుపతి బైరాగిపట్టెడలో మాది పాత ఇల్లు. బాత్రూం టైల్స్ పగలగొట్టాలి, గీజర్ చోటు మార్చాలి, కమోడ్ పీకేయాలి. మేస్త్రీ ఎనిమిదింటికి వస్తానన్నాడు. గోడలో వైరు ఎక్కడ పోతోందో దేవుడికే తెలియాలి. ఉలి దానికి తగిలితే 230 వోల్టులు. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే, "బాత్రూం ఎంసీబీ కిందికి లాగేయ్ సామీ, అంతే" అన్నాడు.

అంతే అట! ఆ కరెంటు డబ్బాలో పన్నెండు ఎంసీబీలు, అంటే ఒక్కో లైనును విడిగా ఆపే స్విచ్‌లు. వాటి కింద ఈ మహానుభావుడే స్కెచ్ పెన్నుతో పేర్లు రాశాడు. రెండు చోట్ల "బా" అని మాత్రం మిగిలింది. బాత్రూమా, బాల్కనీయా, బావి మోటరా? బావి పూడ్చి పదేళ్ళయింది. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, టపీమని పడిపోయి షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ స్విచ్ ఒకటి పెట్టవయ్యా అని అప్పుడే మొత్తుకున్నా. "ఊరికే పడిపోతా ఉంటుంది సామీ, తలనొప్పి" అని పెట్టలేదు.

సరే, మా ఆవిడ వెనక బాత్రూంలో బల్బు వేసుకుని నిలబడింది. నేను ముందు వరండాలో డబ్బా దగ్గర. మధ్య గదిలో వారం రోజులుగా జ్వరంతో పడుకున్న అవ్వ. ఎనభై ఎనిమిదేళ్ళు. ఆ జ్వరం సంగతి వీధంతా తెలుసు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

మొదటి "బా" లాగాను. "పోయిందా?"

"పోలేదు!"

రెండో "బా" లాగాను. "ఇప్పుడు?"

"ఊహూఁ, అట్లనే ఉంది!"

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఏది పోయిందో చెప్పనక్కర్లేదు. కరెంటు పోయినా, బస్సు పోయినా, పరువు పోయినా అదే మాట. పక్కింటి అక్క వంటింటికీ మాకూ మధ్య ఉన్నది ఒక్క గోడ.

చిర్రెత్తి మెయినే లాగేశాను. ఫ్రిజ్ గురక ఆగింది. "ఇప్పుడైనా పోయిందా?"

"పోయింది... లేదు లేదు, పోయినట్టే పోయి మళ్ళీ వచ్చింది!"

ఇన్వర్టర్! బాత్రూం బల్బును ఇన్వర్టర్ లైనుకు కలిపాడు మా మేధావి. ఆ లైను ఈ డబ్బా ముఖమే చూడలేదు. మెయిన్ ఆపితే బ్యాటరీ అందుకుంటుంది.

"ఒక్కసారిగా పోతే మనం పని చూసుకోవచ్చు కదా!" అని మా ఆవిడ విసుక్కుంది.

"ఎనిమిదిలోపల ఎట్లయినా పోవాల! నేను చూసుకుంటా!" అని నేనూ అరిచాను.

ఇన్వర్టర్ స్విచ్ ఆపి, ప్లగ్ కూడా పీకాను.

"పోయింది! పూర్తిగా పోయింది!"

"హమ్మయ్య!"

ఇక టెస్టర్ పెట్టి చూడాలి. కానీ ముందు కరెంటున్న చోట అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి, చచ్చిన టెస్టర్ అన్నీ చచ్చాయనే చెబుతుంది. మా ఇంట్లో ఎక్కడా కరెంటు లేదు కాబట్టి టెస్టర్ పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఉల్లిపాయలనుకున్నా.

"నిమ్మళంగా పోయిందా నాయనా?"

"ఎక్కడక్కా, శానా సతాయించింది. ఆఖరికి ప్లగ్ పీకితే పోయింది."

అక్క గోడ పట్టుకుని కూలబడింది. కరెంటు తిప్పలకు ఇంత జాలిపడే మనిషి ఉండటం మా అదృష్టం అనుకుంటూ వాళ్ళ ప్లగ్‌లో టెస్టర్ పెట్టి చూశా. టెస్టర్ వెలిగింది. నాకు వెలగలేదు.

పదయింది. మేస్త్రీ జాడ లేదు. ఫోన్ చూస్తే పెదనాన్నవి ఎనిమిది మిస్డ్ కాల్స్. అంతలోనే తొమ్మిదోది. బస్సు చప్పుడు, మధ్యలో బొంగురు గొంతు.

"ఎన్నింటికి ఎత్తుతున్నారురా?"

నేను కమోడ్ వైపు చూశా. "మేస్త్రీ రాగానే పెదనాన్నా. రెండు దెబ్బలేస్తే ఊడొచ్చేస్తుంది, పాతదే కదా."

అటువైపు చాలాసేపు బస్సు చప్పుడే వినపడింది.

"చంద్రగిరి దాటినా. నేనొచ్చేదాకా మా అమ్మను ఎవడన్నా ముట్టుకుంటే..."

గదిలోంచి అవ్వ కేకేసింది. "ఎవర్రా ఫోన్లో, పెద్దోడా? వస్తా వస్తా పాల ప్యాకెట్టు తెమ్మను. పొద్దున్నుంచి కాఫీ ఇచ్చే దిక్కు లేదు ఈ ఇంట్లో."