సూడాన్ అంతర్యుద్ధాలకు ఇస్లామే మూలమా? – ఒక వాదోపవాదం

(చర్చకు పెట్టిన ప్రతిపాదన: “1955 నుంచి సూడాన్‌ను పీడిస్తున్న అంతర్యుద్ధాలకు ఇస్లాం ప్రధాన కారణం.” వాది దీనిని సమర్థిస్తారు, ప్రతివాది ఖండిస్తారు.)

వాది: 1972లో అడిస్ అబాబాలో ప్రభుత్వానికీ, దక్షిణాది తిరుగుబాటుదారులకూ మధ్య కుదిరిన ఒప్పందం ఆ దేశానికి పదకొండేళ్ల శాంతినిచ్చింది. 1983 సెప్టెంబరులో అధ్యక్షుడు నిమేరీ ఇస్లామిక్ ధర్మశాస్త్రమైన షరియాను దేశమంతటికీ శాసనం చేశాడు. రాజధాని ఖార్టూమ్‌లో మద్యాన్ని నైలు నదిలో పారబోయించాడు. దొంగతనానికి చేతులు నరికే శిక్షలు అమలు చేయించాడు. దక్షిణాదిలోని క్రైస్తవులు, తమ పూర్వికుల దేవతలను కొలిచే డింకా, నూయెర్ ప్రజలు పుట్టిన గడ్డ మీదనే రెండో తరగతి పౌరులయ్యారు. ఆ తర్వాత 2005 దాకా సాగిన యుద్ధంలో, కరవులో దాదాపు 20 లక్షల మంది చనిపోయారని అంచనా.

ప్రతివాది: మీరు చెప్పిన సంఘటనలు నిజమే కానీ వాటి వరుస ఒక్కసారి చూడండి. బోర్ పట్టణంలో దక్షిణాది సైనికులు తిరగబడినది 1983 మే నెలలో. దక్షిణ ప్రాంతాన్ని మూడు ముక్కలు చేసి, 1972 ఒప్పందాన్ని నిమేరీ కాలరాసినది జూన్‌లో. షరియా శాసనాలు వచ్చేనాటికే యుద్ధం మొదలైంది. దాని వెనుక దక్షిణాదిలోని బెంటియు చమురు ఉంది, దక్షిణాది నీటిని ఉత్తరానికి మళ్లించే జోంగ్లీ కాలువ ఉంది. ఇంకా వెనక్కి వెళ్లి, 1955 ఆగస్టులో దక్షిణాదిలోని తోరిత్‌లో జరిగిన తొలి తిరుగుబాటును చూడండి. అప్పటికి షరియా మాటే లేదు. బ్రిటిష్ వారు ఖాళీ చేసిన దాదాపు 800 ఉద్యోగాల్లో దక్షిణాది వారికి దక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే.

వాది: యుద్ధం ఎందుకు మొదలైందన్నది ఒక ప్రశ్న, ఎందుకు ఆగలేదన్నది మరొక ప్రశ్న. 1988 నవంబరులో ఉత్తరాది నాయకుడు మీర్ఘనీ, తిరుగుబాటు నాయకుడు జాన్ గరాంగ్ కలిసి షరియా శాసనాలను నిలిపివేయాలని ఒప్పుకున్నారు. ప్రధాని సాదిక్ అల్ మహ్దీ ప్రభుత్వం నెలల తరబడి తాత్సారం చేసి, చివరికి సరే అనబోతుండగా 1989 జూన్ 30న ఒమర్ అల్ బషీర్ సైనిక తిరుగుబాటుతో అధికారం చేజిక్కించుకున్నాడు. దాని వెనుక ఉన్నది హసన్ అల్ తురాబీ నడిపిన ఇస్లామిక్ ఫ్రంట్ పార్టీ. చమురులో వాటా అడగవచ్చు, ఉద్యోగాల్లో వాటా అడగవచ్చు. దైవశాసనమని ప్రకటించిన దానిలో సగం వదులుకోమని సంధి బల్ల దగ్గర ఎవరిని అడగగలం? బేరానికి తావున్న తగాదాను బేరమే లేని తగాదాగా మార్చినది ఇదే.

ప్రతివాది: ఆ శాసనాలను దైవశాసనమని ఎవరు ఒప్పుకున్నారు? మహమూద్ మహమ్మద్ తాహా అనే వృద్ధ పండితుడు, జీవితమంతా ఖురాన్ అధ్యయనంలో గడిపినవాడు, అవి ఇస్లాంనే వక్రీకరిస్తున్నాయని, దేశ ఐక్యతకు ముప్పు తెస్తున్నాయని ఒక కరపత్రం వేశాడు. దక్షిణాదిలో రక్తపాతం ఆపమన్నది కూడా అదే కాగితం. కొద్ది వారాల్లోనే, 1985 జనవరి 18న, ఖార్టూమ్‌లోని కోబర్ జైలులో జనం చూస్తుండగా ఆయనను ఉరితీశారు. 1992లో అల్ ఒబైద్‌లో వెలువడిన ఫత్వా మరింత దారుణం: ఉత్తర సూడాన్‌లోనే ఉన్న నూబా కొండల్లో తిరగబడినవాడు నిన్నటిదాకా ముస్లిమే అయినా నేడు మతభ్రష్టుడేనని తీర్పు. పాలకుడికి ఎదురు తిరిగితే చాలు, ముస్లిం ముస్లిం కాకుండా పోయాడు. ఇక పశ్చిమ సూడాన్‌లోని దార్ఫూర్ సంగతి. ఖురాన్‌ను కంఠస్థం చేసిన హాఫిజ్‌లకు పేరుపడిన ప్రాంతమది. 2003 నుంచి అక్కడ ఊళ్లు తగలబెట్టినవారూ ముస్లింలే, తగలబడినవారూ ముస్లింలే. 2023లో అదే దార్ఫూర్‌లోని అల్ జెనీనాలో మసాలిత్ ప్రజలను ఊచకోత కోసినప్పుడు వారు ఏ దేవుణ్ణి కొలుస్తారని ఎవరూ అడగలేదు, ఏ తెగవారని అడిగారు.

వాది: తాహా మరణం నా వాదానికే బలమిస్తుంది. ఆయనను చంపడానికి మతభ్రష్టత్వమనే నేరం న్యాయస్థానం చేతిలో ఉండబట్టే కదా చంపగలిగారు! నిమేరీ 1985 ఏప్రిల్‌లో పడిపోయాడు. ఆయన శాసనాలు పడిపోలేదు. 2002లో కెన్యాలోని మచాకోస్‌లో జరిగిన శాంతి చర్చల్లో దొరికిన పరిష్కారమేమిటి? ఉత్తరాన షరియా ఉంటుంది, దక్షిణం కావాలంటే విడిపోవచ్చు. 2011 జనవరిలో దక్షిణాది ప్రజల్లో దాదాపు 99 శాతం విడిపోవడానికే ఓటు వేశారు. శాసనాన్ని నిలుపుకోవడానికి దేశాన్ని వదులుకున్నారు.

ప్రతివాది: షరియా ఛాయ కూడా లేని ఆ దక్షిణ సూడాన్‌లో 2013 డిసెంబరు నుంచి అధ్యక్షుడు సాల్వా కీర్, మాజీ ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ వర్గాలు ఒకరినొకరు చంపుకున్నాయి. ఈ రోజు ఖార్టూమ్‌ను శిథిలం చేసిన సైన్యాధిపతి బుర్హాన్, అర్ధసైనిక దళ నాయకుడు హెమెద్తీల పోరు ఆ దళం సైన్యంలో విలీనం కావడానికి గడువెంత, బంగారు గనులు ఎవరివి అన్నదాని మీద. తాహాను ఉరితీసిన రాజ్యాన్ని నేను మీకంటే గట్టిగా ఖండిస్తాను. కానీ నేరం ఆ రాజ్యానిదని రాయండి, తాహా నమ్మిన మతానిదని రాయకండి.

వాది: అయితే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. 2020 సెప్టెంబరులో ప్రధాని హమ్‌దోక్, నూబా నాయకుడు అల్ హిలూ మతాన్ని రాజ్యం నుంచి వేరు చేయాలని సంతకాలు చేశారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఆ ప్రభుత్వాన్నే కూలదోశారు. ఇప్పుడు సైన్యం పక్షాన అల్ బరా ఇబ్న్ మాలిక్ పేరుతో ఇస్లామిక్ దళం పోరాడుతోంది. రేపు సంధి కుదిరే వేళ ఆ దళం దేనికి వాటా అడుగుతుంది?

ప్రతివాది: అధికారానికి. ఆ ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు బుర్హాన్, హెమెద్తీ ఒకే పక్షాన ఉన్నారన్నది మీరు వదిలేశారు.