తుఫానుకి నిలబడాల్సింది అద్దం ఒక్కటే కాదు

ఫ్లోరిడా తీరంలో మిలియన్ల డాలర్లు పోసి ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇప్పుడు నేల నుంచి సీలింగ్ దాకా అద్దమే కావాలి. పెట్టుకోండి, తప్పేం లేదు. కానీ ఇళ్లకి అమ్మే కిటికీలనే పెద్దవి చేసి, పక్కపక్కన అతికించి దాన్ని గోడ అనకండి. ఆఫీస్ టవర్లకి వాడే కర్టెన్ వాల్ సిస్టమే, అంటే బిల్డింగు స్లాబులకి బయట నుంచి తగిలించే అల్యూమినియం ఫ్రేములు, అద్దాల గోడే ఇంటికీ పెట్టాలి.

1992లో ఆండ్రూ తుఫాను వచ్చాక ఫ్లోరిడాలో కట్టడాల రూల్స్ ఎలా బిగిశాయో తెలిసిందే. అక్కడి మయామీ-డేడ్ కౌంటీలో దాదాపు 4 కిలోల చెక్కని సెకనుకి 50 అడుగుల స్పీడ్‌తో అద్దం మీదకి పేల్చి, ఆ తర్వాత గాలి ప్రెషర్‌తో లోపలికీ బయటికీ వెయ్యిసార్లకి పైగా తోస్తారు. అద్దం పగలొచ్చు, రెండు అద్దాల మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పొర మాత్రం చిరిగి తెరుచుకోకూడదు, ఎందుకంటే ఒక్కచోట తెరుచుకున్నా గాలి లోపలికి దూరి పైకప్పుని కింద నుంచి తోస్తుంది, పైన గాలి ఎలాగూ లాగుతూనే ఉంటుంది, ఇక కప్పు ఆగదు.

చాలామంది ఈ అద్దం దగ్గరే ఆగిపోతారు. గాలి స్పీడ్ రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలు, మరి గోడంత అద్దం మీద పడ్డ తోపుడు ఎక్కడికి పోవాలి? నిలువు అల్యూమినియం ఫ్రేముల్లోకి, వాటి నుంచి ఫ్రేముని స్లాబుకి పట్టి ఉంచే యాంకర్లలోకి, అక్కడి నుంచి స్లాబులోకి. కర్టెన్ వాల్‌లో ఈ దారంతా లెక్కకట్టే కడతారు, ఇంటి మూలల దగ్గర లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడికి వేరే లెక్క. నాకు బాగా నచ్చేది ఇంకోటి, కాస్త నీళ్లు దూరతాయని ముందే ఒప్పేసుకుని, ఫ్రేములోనే దారి పెట్టి బయటికి పంపేస్తారు. అతికించిన కిటికీల్లో ఎన్ని అతుకులుంటే నీళ్లకి అన్ని దారులు.

2005లో విల్మా తుఫానుకి మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ టవర్ల అద్దాలే రాలాయి కదా అంటారు. నిజమే, కర్టెన్ వాల్ అన్న పేరొక్కటే కాపాడదు. ఆ చెక్క పేల్చే ఇంపాక్ట్ టెస్ట్ పాసై, మీ సైట్ ప్రెషర్‌కి ఇంజినీర్ సంతకం పెట్టిన సిస్టమ్ గురించే నేను చెప్తున్నా.

అసలు రోగం వేరే ఉంది. ఖరీదైన ఇళ్లలో డబ్బంతా కంటికి కనిపించే మార్బుల్‌కే పోతుంది, యాంకర్ బోల్టు దగ్గరికొచ్చేసరికి బేరాలు మొదలవుతాయి. పెద్ద కమర్షియల్ బిల్డింగుల్లో బిగించిన అద్దం మీద సైట్‌లోనే హోస్‌తో నీళ్లు కొట్టి చూస్తారు, ఇళ్ల దగ్గర అది అడిగే ఓనర్లేరీ? లోపల ఫినిషింగ్ మొదలవ్వకముందే ఆ టెస్ట్ చేయించండి, కారిన చోట విప్పి మళ్లీ బిగించి, మళ్లీ నీళ్లు కొట్టి చూపించేదాకా చివరి చెక్కు ఇవ్వకండి.