బోనస్‌కూ భరణానికీ సంబంధం లేదన్నది ఎవరు?

గాజువాక నుంచి మధురవాడ దాకా ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరుగుతోంది. ‘విడాకుల కేసులో భరణం బేసిక్ మీదే లెక్కేస్తారు. బోనస్, ఓటీ (ఓవర్‌టైమ్) జోలికి కోర్టు రాదు. లోన్లు పెంచుకుంటే ఇంకా తగ్గుతుంది. తీర్పు వచ్చాక జీతం ఎంత పెరిగినా అవతలివాళ్లు అడగలేరు.’ ఇందులో ఒక్క మాటా నిలవదు.

బేసిక్ సంగతి ముందు చూద్దాం. హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్లలో ఆ ఊసే లేదు. అక్కడున్నది ఆదాయం. 2020 నవంబరులో రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాల్సిందేనంది. అందులో జీతంతో పాటు అలవెన్సులు, ఇతర సర్వీసు ప్రయోజనాలు, అద్దెలు, వడ్డీలు, షేర్ల రాబడి అన్నీ చూపాలి. మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టాలి. బోనస్‌ను వేరే ఖాతాలో వేయించుకున్నా కంపెనీ ఏటా ఇచ్చే పన్ను పత్రం ఫారం-16లో జీతం కిందే కనబడుతుంది. అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే అదో నేరం.

ఓ లెక్క వేసి చూడండి. కటింగులన్నీ పోను ఓటీతో కలిపి నెలకు 52,000 చేతికొస్తోంది, ఏటా బోనస్ 1,20,000 అనుకుందాం. బోనస్‌ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 62,000. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో నికర జీతంలో 25 శాతం సబబే అంది. అది అన్ని కేసులకూ కొలబద్ద కాదు గానీ, ఆ లెక్కన బోనస్ దాస్తే 13,000, చూపిస్తే 15,500. ఆ 2,500 పిల్లల స్కూలు ఖర్చుల్లోంచి పోయే డబ్బు. అందుకే ఈ సలహా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఏటా వచ్చే బోనస్‌నూ, ఒక్కసారి వచ్చి ఆగిపోయిన ఎరియర్స్‌నూ జడ్జి ఒకేలా చూడాలని లేదు. ఆ తేడాను కాగితాలతో చూపించుకోవాలి, సొమ్ము దాచి కాదు.

లోన్ల ఎత్తుగడ అంతకన్నా బలహీనం. జీతం లెక్కలోంచి ఇన్‌కమ్ ట్యాక్స్, తప్పనిసరి పీఎఫ్ తీసేస్తారు. కేసు పడ్డాక తెచ్చుకున్న సొసైటీ లోను, పెంచుకున్న వీపీఎఫ్ (స్వచ్ఛంద పీఎఫ్) మన ఇష్టంతో పెట్టుకున్న కోతలు. వాటిని చూపి భరణం తగ్గించమంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు.

తీర్పు తర్వాత అడగలేరన్నదీ తప్పే. పరిస్థితులు మారితే నెలనెలా ఇచ్చే భరణాన్ని మార్చమని 25(2) కింద ఎవరైనా కోరవచ్చు. జీతం పెరిగితే ఆమె అడగొచ్చు, ఓటీ ఆగిపోతే అతనూ అడగొచ్చు.

దీనికి ఎదురుగా ‘బోనస్‌లో సగం భార్యదే’ అనే ప్రచారమూ ఉంది. అలాంటి సగం వాటా చట్టం మన రాష్ట్రంలో లేదు. బోనస్ డబ్బుతో ఫ్లాట్ కొంటే రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ముందు అదే చూస్తారు. ఆమె స్త్రీధనం, అంటే పెళ్లికి ముందూ తర్వాతా ఆమెకు కానుకలుగా వచ్చిన నగలు, సొమ్ము మాత్రం పూర్తిగా ఆమెదే. ఆమె ఉద్యోగం చేస్తుంటే ఆమె బోనసూ అఫిడవిట్‌లోకి రావాల్సిందే.

విశాఖ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లే ఆడపడుచులు ఒక్క నెల పే స్లిప్ చూసి సరిపెట్టుకోవద్దు. అవతలివాళ్ల ఫారం-16, మూడేళ్ల స్టేట్‌మెంట్లు కోర్టు ముందు పెట్టించమని వకీలుకు చెప్పండి. పిటిషన్ వేయడం కూడా వాయిదా వేయకండి: భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచే ఇవ్వాలని ఆ 2020 తీర్పే చెప్పింది.