టక్కుమన్నది నా మోకాలు, ఉలిక్కిపడింది ఊరంతా

జిమ్ నుంచి వచ్చి స్నానం కూడా చేయకుండా రాస్తున్నాను. ఎందుకంటే స్నానం చేస్తే కోపం తగ్గిపోతుంది. కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. ఇంకో రెండు వేయనీ.

పొద్దున ఆరున్నర. వైజాగ్ ఎంవీపీ కాలనీలో నేను వెళ్లే జిమ్‌లో ఎప్పుడూ చెవులు చిల్లులు పడేలా పాటలు. అద్దం ముందు నిలబడి స్క్వాట్లు చేస్తున్నాను. చేతిలో బరువు కూడా లేదు, ఉత్త గుంజీలే, చెవులు పట్టుకోకపోవడం ఒక్కటే తేడా. పదకొండోసారి కిందకి దిగుతున్నాను. సరిగ్గా ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలవ్వాల్సిన ఆ రెండు సెకన్లలో నా కుడి మోకాలు టక్కుమంది. మామూలు టక్కు కాదు, ఎండుకట్టె విరిచినట్టు. ట్రెడ్‌మిల్ మీద ఉన్నాయన కాళ్లు ఆపకుండా మెడ మాత్రం తిప్పి చూశాడు. ట్రైనర్ కుర్రాడు, ఇరవై మూడేళ్లుంటాయేమో, పరిగెత్తుకుంటూ వచ్చి ఏమన్నాడో తెలుసా?

"ఆంటీ, ఆపండి ఆపండి. మీకు గుజ్జు అయిపోయింది."

నిన్నటి దాకా మేడమ్‌ని. ఒక్క టక్కుతో ఆంటీనైపోయాను.

సరే, ఆంటీ సంగతి అలా ఉంచండి. గుజ్జు అయిపోయిందట! గ్యాస్ సిలిండర్ ఊపి చూసి చెప్పినట్టు చెప్పాడు. చింతపండు గుజ్జు తెలుసు, మామిడిపండు గుజ్జు తెలుసు. మన తెలుగువాళ్లకి మాత్రం మోకాల్లో కూడా గుజ్జు ఉంటుంది, నలభై దాటగానే అది ఎవరో తాగేసినట్టు అయిపోతుంది. లోపల ఎముకల చివర్న నున్నటి మృదులాస్థి ఉంటుంది, అది వేరు. కీలు మధ్యలో జిగటగా ద్రవం ఉంటుంది, అది వేరు. రెండిటినీ కలిపి రుబ్బేసి గుజ్జు అని పేరు పెట్టాం. ఇక ఏ మోకాలు ఏ శబ్దం చేసినా ఒకటే తీర్పు.

తీర్పు చెప్పిన వెంటనే కౌంటర్ వెనక నుంచి డబ్బా వచ్చింది. కొలాజెన్ అనే ప్రొటీన్ పొడి, రెండు వేల నాలుగొందలు, నాకని రెండు వేల రెండొందలు. నా మోకాలు టక్కుమన్న పదిహేను సెకన్లకి డబ్బా నా చేతిలో ఉందంటే, అది ఎన్ని రోజులుగా నా టక్కు కోసం కాచుకుని కూర్చుందో మీరే ఆలోచించండి. దేంతో చేస్తారు బాబూ ఇది అంటే "నేచురల్ ఆంటీ" అన్నాడు. నేచురలే. పశువుల తోలు, ఎముకలు, లేదంటే చేప తోలు. శనివారం గుడ్డు కూడా ముట్టని మా అత్తగారి ముందు ఇది పాలల్లో కలుపుకుని తాగమంటున్నాడు. పైగా తాగింది తిన్నగా మోకాలికే వెళ్తుందట. నోట్లో పోసుకున్నదానికి పొట్ట దాటాక మోకాలి అడ్రస్ ఎవరు చెప్తారో! మా ఇంటికి వచ్చే కొరియర్ అబ్బాయికే రోజూ రైతుబజార్ దగ్గర నుంచి దారి చెప్పాలి నేను.

కుక్కర్ ఆపి వచ్చాను. పప్పు మాడలేదు.

ఇంటికి వచ్చేలోపు ఇంకెంతమంది తగులుకున్నారనుకున్నారు? లిఫ్ట్‌లో రెండో ఫ్లోర్ ఆంటీ (ఆవిడ నిజంగా ఆంటీ) రాత్రి బెండకాయలు చీల్చి నీళ్లలో నానబెట్టి పొద్దున్నే తాగమంది, జిగురు జిగురుకి కలుస్తుందట. వాచ్‌మన్ భార్య నల్లేరు పచ్చడి అంది. విజయనగరం పిన్నికి ఫోన్ చేస్తే "ఏటే, ఎముకలేటి అలా కూస్తన్నాయి, ముందు మేక కాళ్ల సూపు తాగు" అంది. నేను ఫోన్ చేసింది వాళ్లబ్బాయి గృహప్రవేశం ఎప్పుడో కనుక్కుందామని. ముహూర్తం ఇప్పటికీ తెలీదు. జిల్లేడాకు కాపడం, వావిలాకు స్నానం, ఆముదం మర్దనా, అన్నీ వచ్చేశాయి.

ఇంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "నొప్పి ఉందా?" అని అడగలేదు.

లేదండీ. నొప్పి లేదు. టక్కుమంటుంది, అంతే. నాకేం పిచ్చి కాదు, ఆర్నెల్ల కిందటే మహారాణిపేటలో ఎముకల డాక్టర్‌కి చూపించుకున్నాను. ఆయన అడిగినవి మూడే. నొప్పి ఉందా, వాపు వస్తోందా, నడుస్తుంటే పట్టేయడం గానీ మోకాలు జారిపోయినట్టు అవ్వడం గానీ ఉందా. మూడిటికీ లేదన్నాను. మోకాలి చిప్ప మీద అరచేయి పెట్టి, కాలు నాలుగుసార్లు వంచి చాపి, ఎక్స్‌రే కూడా అక్కర్లేదన్నాడు. శబ్దం ఒక్కటే అయితే వదిలేయండి, ఆ మూడిట్లో ఏది తోడైనా వెంటనే రండి, తొడ కండరాలకీ పిరుదు కండరాలకీ బలం వచ్చే వ్యాయామం మాత్రం మానొద్దు అన్నాడు. మానొద్దు అన్నాడండీ! ఇన్ని సలహాల్లో నొప్పి ఉందా అని అడిగిన మనిషి ఈయనొక్కడే, అది కూడా ఐదొందలు ఇచ్చాను కాబట్టి.

ఇంతకీ ఆ టక్కు ఏంటంటారా? చాలాసార్లు అది బుడగ. కీలులో ఉన్న ద్రవంలో గ్యాస్ కరిగి ఉంటుంది. కీలు సాగినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి అది బుడగ కడుతుంది. మెటికలు విరిస్తే వచ్చే చప్పుడూ ఇదే. 2015లో కెనడావాళ్లు మనిషి వేలికి గొట్టం తొడిగి, తాడు కట్టి, ఎమ్మారై మిషన్లో పెట్టి మెటిక విరిగే దాకా లాగారు. పని లేక కాదు, బుడగ కడుతున్నప్పుడు చప్పుడొస్తుందా, పగిలినప్పుడొస్తుందా అని దశాబ్దాల తగువు. కడుతున్నప్పుడే అన్నారు వీళ్లు. 2018లో ఇంకొకరు లెక్కలు కట్టి కాదు, పగిలినప్పుడే అన్నారు. ఆ తగువు తీరలేదు గానీ మా ట్రైనర్‌కి మాత్రం పదిహేను సెకన్లలో తీరిపోయింది. అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అని ఒక డాక్టరు, మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందని చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు భయపెట్టారని, అరవై ఏళ్లు ఒక్క ఎడమ చేతి మెటికలే విరిచాడు. రెండు చేతులకీ తేడా రాలేదు. ఆయనకి 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి సరదాగా ఇచ్చే బహుమతి అది. పెద్దవాళ్ల మాట అబద్ధమని చెప్పడానికి అరవై ఏళ్లు పట్టింది ఆ మనిషికి. నాకు ఆయన మీద గౌరవం కాదు, జాలి కాదు, చుట్టరికం అనిపిస్తుంది.

నా ఎడమ మోకాలిది ఇంకో రకం, ఒప్పుకుంటాను. అది టక్కుమనదు, మెట్లెక్కుతుంటే బీచ్‌లో మురీ మిక్చర్ నమిలినట్టు కరకరలాడుతుంది. అది బుడగ కాదు, చిప్ప వెనక గరుకు. దానికీ నొప్పి లేదు. దానికి స్టూల్ వేసుకుని, స్టూల్ మీద కూర్చోబోయినట్టు దిగి లేవడం నేర్చుకున్నాను. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరిగిపోకుండా చూసుకుంటే సగం కరకర తగ్గింది. ఇది చెప్పాల్సింది ట్రైనర్ కదా? వాడు డబ్బా మూత తీసే పనిలో ఉన్నాడు.

ఇంకో మాట. 2025 జూన్ 21న యోగా డేకి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడుగునా చాపలేసుకుని కూర్చున్నాం గుర్తుందా? మూడు లక్షలకి పైగా జనం. అంటే ఆరు లక్షల మోకాళ్లు. అందరం ఒకేసారి వంగి, ఒకేసారి లేచాం. ఎన్ని టక్కులు అయ్యుంటాయి? సముద్రం హోరులో వినపడలేదంతే. ఆ రోజు ఒక్కరికీ గుజ్జు అయిపోలేదు.

అసలు నాకు ఇంత మంట ట్రైనర్ మీద కాదు. వాడు పిల్లాడు, డబ్బాకి కమిషన్ వస్తుంది, అమ్ముకుంటాడు. మంట ఎక్కడిదంటే, జరిగింది సరదాగా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో పెదనాన్న వాయిస్ మెసేజ్. రెండు నిమిషాల పన్నెండు సెకన్లు. సారాంశం ఏంటంటే, "చిన్నప్పట్నుంచీ ఒళ్లు వంచి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదమ్మా. మీ ఆడపిల్లలకి ఆటలూ లేవు, పాటలూ లేవు."

ఆటలు లేవా పెదనాన్నా?

1997. నేను తొమ్మిదో క్లాసు. స్కూల్ ఖో-ఖో టీమ్‌లో ఉన్నాను. ఖో-ఖో అంటే ఏంటో తెలిసినవాళ్లకి తెలుసు, తరిమే జట్టులో తొమ్మిది మందిలో ఎనిమిది మంది వరసగా గొంతుక్కూర్చునే ఉండాలి, ఒకరు ఇటు తిరిగి, ఒకరు అటు తిరిగి. వీపు మీద చెయ్యి పడి "ఖో" అని వినపడగానే స్ప్రింగులా లేవాలి. గంటకి ఎన్నిసార్లు లేచేదాన్నో లెక్కే లేదు. అప్పుడు కూడా టక్కుమనేది. పక్కన కూర్చున్న పిల్ల ఫక్కున నవ్వేది. అంతే, దానికి ఎవరూ మందు చెప్పలేదు.

అనకాపల్లిలో పోటీలు. ముందు రోజు రాత్రి తెల్ల కాన్వాస్ బూట్లు ఉతికి, ఆరాక సుద్దముక్క రుద్ది, పేపర్ మీద గుమ్మం పక్కన పెట్టుకున్నాను. పెదనాన్న వచ్చాడు. కాఫీ తాగుతూ ఆ బూట్లకేసి చూసి నాన్నతో అన్నాడు, నాతో కాదు. "నలుగురిలో అలా గొంతుక్కూర్చుని గెంతులేంట్రా, రేపు సంబంధాలు రావద్దా?" గ్లాసు కింద పెట్టాడు. అయిపోయింది. నాన్న మారు మాట్లాడలేదు. పొద్దున్నే బూట్లు అటక మీద ఉన్నాయి. సుద్ద నా వేళ్లకి ఇంకా ఉంది.

మూడేళ్లు తిరిగాక, 2000 సెప్టెంబర్. సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం కొట్టింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఇదే పెదనాన్న మాడుగుల హల్వా పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. "మన ఆమదాలవలస పిల్ల!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ 110 కిలోలు తల మీదకి ఎత్తేటప్పుడు ఆవిడ ఎలా కూర్చుని లేచిందో టీవీలో చూశారా పెదనాన్నా? గొంతుక్కూర్చుని. నలుగురిలో కాదు, ప్రపంచమంతా చూస్తుండగా. నేను హల్వా తిన్నాను. తినకుండా ఉండాల్సింది.

అందుకే ఆ వాయిస్ మెసేజ్ ఇంకోసారి విన్నాను, ఎక్కడ పట్టుకుని కడిగేయాలా అని. నిమిషంన్నర దగ్గర మధ్యలో ఆగాడు. కుర్చీలోంచి లేచినట్టున్నాడు. ముందు చిన్నగా వినపడింది. టక్. ఆ వెనకే "అబ్బా" అన్నాడు, తర్వాత కాసేపు ఏమీ లేదు, ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడే. మళ్లీ మొదలెట్టాడు, ఆడపిల్లలకి ఆటలు లేవని.

ఫోన్ చెవికి ఆనించుకుని ఆ ముక్క మూడోసారి కూడా విన్నాను. "నొప్పి ఉందా పెదనాన్నా?" అని టైప్ చేశాను. ఇంకా పంపలేదు. స్నానం చేసొచ్చి చూస్తాను.