బొమ్మ పక్కన పొణికి మొక్క ఏది?

మొన్న శనివారం మా విజయవాడలో ఒక రోడ్డు మీద బండ్లు ఆపేసి, బొమ్మలు, తినుబండారాలు, మొక్కలు అన్నీ కలిపి వీధి పండగ పెట్టారు. అమ్మా నేనూ వెళ్లాం. హారన్ల గోల లేకుండా నడిరోడ్డు మీద నడవడం ఈ ఊళ్లో ఎంత సుఖమో!

పునుగుల దగ్గర జనం తోసుకుంటున్నారు. మేం ఆత్రేయపురం పూతరేకుల దగ్గర ఆగాం. బోర్లించిన కుండ, లోపల మంట. పలచటి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేచి వచ్చేస్తోంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వీటికే.

కొండపల్లి బొమ్మల స్టాల్ మాత్రం చివర్లో, పెద్ద స్పీకర్ పక్కన పెట్టారు. నాకు చాలా బాధేసింది. పెద్దాయన చెప్పేది వినడానికి వంగి చెవి పెట్టాల్సి వచ్చింది. అంబారీ ఏనుగుని నా అరచేతిలో పెట్టారు. బెండులా తేలిక. తెల్ల పొణికి కర్ర అది. చెమ్మ పోయేదాకా సెగ చూపించి, తల, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తొండం దగ్గర గోరుతో తడిమాను, అతుకు తెలియలేదు.

"కర్ర దొరుకుతోందా బాబాయ్ గారూ?" అన్నాను.

"మా చిన్నప్పుడు పక్క కొండల్లోనే కొట్టుకొచ్చేవాళ్లం తల్లీ. ఇప్పుడు కర్ర కోసమే టెన్షన్."

అక్కడికి పదడుగుల్లో కడియం మొక్కలు. స్నేక్ ప్లాంట్, అడీనియం, మనీప్లాంట్, ఎన్ని రకాలో! పొణికి ఉందా అని అడిగితే ఆ కుర్రాడు పేరే వినలేదన్నాడు. అతన్ని ఏమనగలం, అడిగేవాళ్లుంటే కదా తెచ్చేది! కానీ పండగ పెట్టినవాళ్లకి ఈ ఆలోచన రావాలి. బొమ్మనీ మొక్కనీ ఒకే వీధిలోకి తెచ్చి, ఆ బొమ్మకి ప్రాణమైన చెట్టుని మర్చిపోతే ఎలా? పొణికి కొండవాలులో పెరిగే చెట్టు, బాల్కనీ కుండీలో బతకదు, నిజమే. మనకి కొండలకేం కొదవ? గుణదల ఉంది, మొగల్రాజపురం ఉంది. బళ్లు, కాలేజీల్లో ఖాళీ జాగా ఉంది. వచ్చేసారి బొమ్మల బల్ల పక్కనే పొణికి నారు పెట్టండి. ఆ పెద్దాయన చేతే ఇప్పించండి. స్పీకర్ కాస్త దూరం జరపండి.

అమ్మ మరువం కొంది. డబ్బులిస్తుంటే ఆ కుర్రాడు ఫోన్ తీసి, "అక్కా, ఇందాక అడిగిన చెట్టు పేరు మళ్లీ చెప్పండి, రాసుకుంటా" అన్నాడు.