మాస్టారికి రెండే వాక్యాలా?

హ్యూస్టన్ బడి పిల్లల 'కాష్మీర్ స్టేజ్ బ్యాండు' మీద వచ్చిన వ్యాసంలో, అది వెలుగులోకి వచ్చిన ఘనతంతా రికార్డుల సేకర్తలకే కట్టబెట్టడం నాకు మింగుడు పడలేదు. వాళ్ల మేలు కాదనను. 2006లో నౌ-అగైన్ అనే రికార్డుల సంస్థ ఆ పాటలను మళ్లీ విడుదల చేయకపోతే నాబోటివాళ్లకు వినే భాగ్యమే లేదు. కానీ హ్యూస్టన్‌లోని ఒక నల్లజాతి పేటలో, హైస్కూలు పిల్లల చేత దరువు ప్రధానమైన ఫంక్ సంగీతం వాయింపజేసిన కాన్రాడ్ జాన్సన్ మాస్టారికి వ్యాసంలో రెండే వాక్యాలా? 1967లో సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ కచేరీ చూసి, ఆ ఊపును బడి బ్యాండులోకి తెచ్చింది ఆయనే. సొంతంగా బాణీలు కట్టారు, పిల్లల వాద్యాన్ని రికార్డులుగా తెచ్చారు. ఆ రికార్డులే లేకపోతే తర్వాతివాళ్లకు దొరికేదేమిటి?

ఆ బ్యాండు వాయించిన 'కాష్మీర్' పాటను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ఆ డ్రమ్ముల దరువు, దాని మీద విరుచుకుపడే బాకాలు! వాయించినవాళ్లు బడి పిల్లలంటే నమ్మబుద్ధి కాదు. పాత రికార్డుల ముక్కలతో కొత్త పాటలు కట్టే డీజే షాడో ఆ దరువును ఊరికే తీసుకోలేదు.

2008 ఫిబ్రవరిలో పాత శిష్యులు, దశాబ్దాలుగా వాద్యం ముట్టనివాళ్లు సైతం, మళ్లీ సాధన చేసి 92 ఏళ్ల మాస్టారి కోసం కచేరీ చేశారు. ఆ వెంటనే, రోజుల వ్యవధిలోనే ఆయన కన్నుమూశారు. 'థండర్ సోల్' డాక్యుమెంటరీలో ఇదంతా ఉంది. వ్యాసకర్త అది చూసి ఈ భాగాన్ని పెంచి రాయాలని నా మనవి.